మూడో నంబరు కంప్యూటరులో దొంగ అక్షరం

మా బావగారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. మనిషి మరీ నిజాయితీపరుడు. లంచం ముట్టడు, సిఫార్సు వినడు, జీపులో సొంత పిల్లల్ని బడి దగ్గర కూడా దింపడు. పెళ్లి భోజనంలో తన విస్తట్లో రెండో లడ్డు పడితే "ఇది ఎవరిదప్పా?" అని విచారణ మొదలుపెడతాడు. ఈసారి ఆ నిజాయితీకి సాక్ష్యంగా దొరికింది నా తమ్ముడు తిప్పేషు. బంధువని వదిలేస్తే లోకం ఏమంటుందోనని, మా బావ సి.ఐ. ఓబుళేసుగారు సోమవారం సాయంత్రం ఐదింటికి వాణ్ణి లాకప్పులో వేశారు. బంధువు కాకపోయుంటే ఇంకో రెండు ప్రశ్నలైనా అడిగేవాళ్లు.

కేసు చిన్నదేం కాదు. ఆదివారం ఆడపిల్లల హాస్టలు ప్రవేశ పరీక్ష. కంబదూరు నుంచి, నల్లమాడ నుంచి, తెల్లారకముందే బస్సులెక్కి నాలుగు వందలమంది పిల్లలు అనంతపురం వచ్చారు. ఏడు గంటలకు చూస్తే పరీక్ష కేంద్రం ప్రహరీ పొడుగునా ప్రశ్నపత్రం జిరాక్సులు అంటించి ఉన్నాయి. ప్రతి కాగితం అడుగునా పేపరు తయారుచేసిన రామసుబ్బమ్మ మేడమ్ పేరు పెద్దక్షరాల్లో. పరీక్ష రద్దయింది. ముప్పై ఐదేళ్లు బడి నడిపి రిటైరైన హెడ్మిస్ట్రెస్సు ఆ రోజంతా ఇంటి తలుపు తీయలేదు.

ఆ పేపరు, పరీక్ష పెట్టే ట్రస్టువారు తమ సైటులో ఆమెకిచ్చిన మెయిలు పెట్టెలో ఉంది. ఆమె మెయిలు చూసుకునేది తిప్పేషు నడిపే ఇంటర్నెట్ సెంటరులో. బావకు అంతే చాలింది.

మంగళవారం పదకొండు గంటల పది నిమిషాలకు క్యారియరు పట్టుకుని స్టేషన్లో అడుగుపెట్టాను. నాలుగు గంటలకు వాణ్ణి మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళతారు. అక్కడినుంచి సబ్ జైలు. నా చేతిలో ఐదు గంటలకు పది నిమిషాలు తక్కువ ఉంది. నేను బి.ఎస్సీ. చదివి, టైపు హయ్యరు పాసై, పదకొండేళ్లుగా పప్పు మెదుపుతున్నదాన్ని. కుక్కరు మూడు కూతలు కూసే వ్యవధిలో ఎంత ఆలోచించవచ్చో నాకు తెలుసు. ఇంతకుముందు రెండు కేసుల్లో నా మాటే నిజమైంది. రెండుసార్లూ బావ "ఏదో తగిలింది" అని ఫైలు మూసేశాడు.

నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు న్యాయం మీద అంత యావ లేదు. అమ్మ నిన్నటినుంచి ముద్ద ముట్టలేదు. బావ మొహం వాడిపోవడం నా కళ్లతో చూడాలి. న్యాయం దానివెంట వస్తే రానీ.

"ఏమ్మా ఈశ్వరీ, కూడు తెచ్చేది తప్పు కాదు గానీ, మొహం అట్ల పెట్టుకోని వస్తే ఎట్ల?" అన్నాడు బావ.

"మొహం మా నాయన ఇచ్చింది బావా. మీరిచ్చింది రిమాండు రిపోర్టు. అది చూపించండి."

"అట్ల చూపించకూడదు."

"చూపిస్తే నేనేం తినేస్తానా? తినేదానికి సంగటి తెచ్చుకున్నాలే."

బల్లకు అటువైపు కూర్చున్న కుర్రవాడు నవ్వాడు. ఇస్త్రీ చొక్కా, ఒళ్లో ల్యాప్‌టాప్. పేరు చైతన్య. రష్యాలో కంప్యూటరు ఇంజనీరింగు చదివి, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్ల నాయన ఉరవకొండ పక్క పెద్ద భూస్వామి. సెలవుకు వచ్చినవాడు ఆదివారం సాయంత్రం తనంతట తనే స్టేషనుకు వచ్చి, "సైబర్ నేరం మీకు తెలీదు సార్, నేను సాయం చేస్తా" అన్నాడట. పైసా తీసుకోలేదు. అది చూసే మా బావకు అతని మీద భక్తి కలిగింది.

"చదువుకోనీ సార్, దాచేదేముండాది," అని చైతన్య తన నిపుణుడి రిపోర్టు నా వైపు తోశాడు. స్టేషన్ ప్రింటరు మీద అచ్చయిన రెండు పేజీలు, ఇంగ్లీషులో. "ఈశ్వరక్కా, కష్టంగా ఉంటాదని తెలుసు. తమ్ముడు కదా."

"నీకు అక్కచెల్లెండ్లు ఉన్నారా?"

"లేరక్కా."

"అయితే తెలీదులే," అని చదవడం మొదలుపెట్టాను.

సారం ఇది. గురువారం మేడమ్‌కు ఒక మెయిలు వచ్చింది. 'మీ పెట్టె నిండిపోయింది, కింది లింకు నొక్కి పాస్‌వర్డ్ ఇవ్వకపోతే మూసేస్తాం' అని. ఆమె లింకు నొక్కించింది, పాస్‌వర్డ్ ఇచ్చింది. శుక్రవారం ఎవరో పెట్టె తెరిచి, పేపరు తీసుకుని, ఆ మెయిలును కూడా చెరిపేశారు. మేడమ్ ముందే తీయించుకున్న ప్రింటు కాగితం ఒక్కటే మిగిలింది. ఆ కాగితంలోని లింకు చిరునామాను చైతన్య అక్షరం అక్షరం పరిశీలించాడు. అది పరీక్ష పెట్టే ట్రస్టువారి అసలు చిరునామానే. మోసపు లింకు అంటూ ఏదీ లేదు. కనుక పాస్‌వర్డ్ దొంగిలించినది దాన్ని స్వయంగా టైపు చేసిన తిప్పేషే.

రిపోర్టులో ఆ చిరునామాను విడిగా ఒక వరసలో ఇచ్చాడు. అందులో మూడో అక్షరం ఇంగ్లీషు 'ఏ' ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం పడింది.

"ఇదేంది?"

"ప్రింటరు ముసిలిదైందమ్మా," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ ముత్యాలప్ప వెనకనుంచి. "నా మాదిరే. అక్కడక్కడ అక్షరం మింగుతాది."

నా చూపు చైతన్య ఒళ్లోకి పోయింది. ల్యాప్‌టాప్ మీటల మీద ఒక్కోదానికి రెండేసి అక్షరాలు ముద్రించి ఉండటం చూశాను. ఒకటి ఇంగ్లీషు. రెండోది నాకు తెలియనిది.

పక్క గదిలో రామసుబ్బమ్మ మేడమ్ వాంగ్మూలం ఇవ్వడానికి కూర్చుని ఉంది. వెన్ను నిటారుగా, కళ్లు మాత్రం వాచి ఉన్నాయి.

"మేడమ్, గురువారం లింకు నొక్కినప్పుడు టైమెంత?"

"పదకొండూ ఇరవై. ఊరికే నొక్కలేదమ్మీ నేను. ప్రింటు తీయించి, వరస కింద స్కేలు పెట్టి, ట్రస్టు వాళ్ల ఉత్తరం పక్కన పెట్టుకోని, ఒక్కొక్క అక్షరం సరిచూసినా. ముప్పై ఐదేండ్లు పేపర్లు దిద్దిన కండ్లు ఇవి. ఒక్కటి గూడా తప్పు లేదు."

"పాస్‌వర్డ్ ఎవరు కొట్టినారు?"

"తిప్పేషే. ఎప్పుడూ వాడే కదా. నేను చెప్తా, వాడు కొడతాడు."

"మెల్లగా చెప్తారా, గట్టిగా చెప్తారా?"

ఆమె నావైపు విచిత్రంగా చూసింది. "వానికి వినపడాల గదా."

మా ఊరి ఇంటర్నెట్ సెంటర్ల పద్ధతి ఇది. కీబోర్డు ఓనరుది, నోరు కస్టమరుది. పాస్‌వర్డ్ అంటే రహస్యమని ఎవరికీ ఎవరూ చెప్పలేదు. రేషను షాపులో కార్డు నంబరు చెప్పినట్టు చెబుతారు. తిప్పేషుకు సగం వార్డు పాస్‌వర్డులు కంఠతా వచ్చు.

నేను తిరిగి బావ దగ్గరికి వచ్చాను. "బావా, సెంటరు ఎప్పుడు సీలు చేసినారు?"

"సోమవారం పొద్దున ఎనిమిదికి. లక్క ముద్ర. ముత్యాలప్పే వేసినాడు."

"మూడో నంబరు కంప్యూటరు చూడాల."

"నువ్వా?"

"భయమైతే మీరూ రండి."

బావకు ఈ మాట చాలు. అరగంటలో జీపులో అందరమూ ఉన్నాం. బావ, ముత్యాలప్ప, నేను. "నా పాస్‌వర్డు, నా పేరు, నేను రాకుండా ఎట్ల?" అని మేడమ్. "నేను లేకుండా వీళ్లు మిషన్లు చెడగొడతారు సార్" అని చైతన్య. ఒక్క మనిషిని మాత్రం గమనించాను. జీపులో మేడమ్ ఎక్కిన వైపు కాకుండా చైతన్య చుట్టూ తిరిగి వెనకవైపు ఎక్కాడు. ఆమె అతని వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది.

పన్నెండూ నలభై. లక్క ముద్ర చెక్కుచెదరలేదు. ముత్యాలప్ప దాన్ని పగలగొట్టి షట్టరు ఎత్తాడు. ఐదు కంప్యూటర్లు, మధ్యన చెక్క తడకలు. మూడో నంబరు ముందు కూర్చున్నాను. ముందుకాలం విండోస్. బ్రౌజరు మాత్రం ఏదో పత్రికతోపాటు ఉచితంగా వచ్చిన సీడీ లోంచి తిప్పేషు ఎక్కించిన కొత్తది. చూసిన పేజీల జాబితా తెరిచి గురువారానికి వెళ్లాను.

ట్రస్టు చిరునామా ఆ రోజు రెండుసార్లు ఉంది. పదకొండూ పన్నెండుకు, మేడమ్ పెట్టె తెరిచినప్పుడు ఒక వరస. పదకొండూ ఇరవైకి, లింకు నొక్కినప్పుడు ఇంకో వరస.

"బావా, ఈ రెండిట్లో తేడా చూపించండి."

బావ కళ్లద్దాలు పెట్టుకుని వంగాడు. మేడమ్ వంగింది. ముత్యాలప్ప కూడా వంగాడు, ఇంగ్లీషు చదవడం రాకపోయినా.

"తేడా యాడుంది? ఒకటే," అన్నాడు బావ.

"ఒకటే అయితే కంప్యూటరు రెండుగా ఎందుకు రాసుకుంది?"

మొదటి వరస నొక్కాను. ట్రస్టు పేజీ తెరుచుకుంది. రెండో వరస నొక్కాను. 'ఆ పేరుతో ఏదీ లేదు' అని వచ్చింది.

"సర్వరు బిజీగా ఉంటాదక్కా. మళ్లీ నొక్కు," అన్నాడు చైతన్య.

మళ్లీ నొక్కాను. మళ్లీ. మొదటిది మూడుసార్లూ తెరుచుకుంది, రెండోది మూడుసార్లూ లేదంది. తర్వాత మొదటి వరసను కాపీ చేసి నోట్‌ప్యాడులో అతికించాను. అక్షరాలన్నీ శుభ్రంగా వచ్చాయి. రెండో వరసను దాని కింద అతికించాను.

మూడో అక్షరం దగ్గర ప్రశ్నార్థకం నిలబడింది.

పక్క జిరాక్సు షాపులో మిషను గరగరమంటోంది.

"బావా, విత్తనం శెనక్కాయలు కొనేటప్పుడు మీ నాయన ఏం చేస్తాడు?"

"తడి గుడ్డలో కట్టి పెడతాడు. మొలకొచ్చేది చూస్తాడు."

"ఎందుకు? చేతిలో పట్టుకుంటే తెలీదా?"

"చేతిలో అన్నీ ఒకటే మాదిరే ఉంటాయి గదమ్మా. చచ్చిన కాయ గూడా మంచి కాయ మాదిరే..." బావ ఆగిపోయాడు.

"ఇది చచ్చిన కాయ. కంటికి మన ఇంగ్లీషు 'ఏ'. పుట్టింది వేరే భాషలో. ఈ పాత నోట్‌ప్యాడుకు ఆ భాష రాదు, అందుకే తెలీదని ప్రశ్నార్థకం పెట్టింది. కొత్త బ్రౌజరుకు వచ్చు, కాబట్టి మేడమ్ తీయించిన ప్రింటు శుభ్రంగా పడింది. మేడమ్ కండ్లది తప్పు కాదు. స్కేలు పెట్టినా, భూతద్దం పెట్టినా కనపడదు. ఆ ఒక్క అక్షరంతో వాడు వేరే ఇల్లు కట్టినాడు, అదే తలుపు, అదే రంగు. మేడమ్ పోయి తాళం చెవి వాని చేతిలో పెట్టొచ్చింది."

మేడమ్ పక్కనున్న స్టూలు మీద మెల్లగా కూలబడింది. "నేను సరిగానే చూసినా కదా అమ్మీ?"

"సరిగానే చూసినారు మేడమ్."

చైతన్య తల పంకించాడు. తేరుకోవడానికి అతనికి ఎక్కువ సేపు పట్టలేదు. "సరే సార్, ఒప్పుకుంటా. లింకు దొంగదే. ప్రింటు కాగితంలో చూస్తే నాకూ తెలీలేదు. అయితే మాత్రం ఏం? ఆ దొంగ పేజీ చేసింది తిప్పేష్ కాదని ఎట్ల చెప్తారు? కంప్యూటర్లు వాడివే కదా."

"అదీ నిజమే," అన్నాడు బావ, ఊపిరి పీల్చుకుని.

ఆ ఊపిరి వాసన చూసి నాకు ఒళ్లు మండింది. "బావా, వాణ్ణి ఎందుకు పట్టుకున్నారు?"

"పాస్‌వర్డు వానికి తెలుసు కాబట్టి."

"మేడమ్ వారానికి రెండుసార్లు వాని చెవిలో అరిచి చెప్తాంది. తాళం చెవి జేబులో ఉన్నవాడు గోడకు కన్నం వేస్తాడా? దొంగ పేజీ కట్టి, దొంగ మెయిలు రాసి, వేరే భాష అక్షరం వెతికి తెచ్చి, ఇన్ని తిప్పలు పడి, తనకు ముందే తెలిసిన మాటను మళ్లీ తెలుసుకుంటాడా? వాడు అంత పనిమంతుడైతే మా అమ్మ వాణ్ణి ఎప్పుడో కలెక్టర్ని చేసుండేది."

ముత్యాలప్ప దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఈ సెంటర్లో కూచున్నోడు ఎవడైనా ఆ పాస్‌వర్డు వినొచ్చు బావా. వినాలంటే వచ్చి కూచుంటే చాలు. అట్లా వచ్చి కూచోలేనివాడే ఈ పని చేసినాడు. వాడు కనపడితే మేడమ్ నోరు తెరవదు. ఇంకోటి. పేపరు దొరికినోడు అమ్ముకుంటాడు. వీడు అమ్ముకోలేదు. సొంత దుడ్లతో జిరాక్సులు తీయించి మేడమ్ పేరుతో గోడలకు అంటించినాడు. ఇది దొంగతనం కాదు. పగ."

"ఎవరి మీద పగ?"

నేను సంచిలోంచి రిపోర్టు తీశాను. స్టేషన్లో బావ ఫోను మాట్లాడుతున్నప్పుడు అది మడతపడి నా సంచిలోకి వచ్చేసింది. బావ దాన్ని చూసి కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"ముత్యాలప్పన్నా, ప్రింటరు అక్షరం మింగుతాదన్నావు కదా. ఈ రెండు పేజీల్లో 'ఏ' అనే అక్షరం నూరుసార్లకు పైన ఉంది. లెక్కపెట్టినాను. అన్నిచోట్లా సరిగ్గానే పడింది. ఒక్క ఈ చిరునామాలోనే, ఆ మూడో అక్షరమే మింగింది. ఎందుకంటే ఆ ప్రింటరుకూ ఈ నోట్‌ప్యాడుకు మాదిరే ఆ భాష రాదు." చైతన్య వైపు తిరిగాను. "ఈ చిరునామా నువ్వు ఎట్ల రాసినావబ్బీ?"

"మేడమ్ ఇచ్చిన ప్రింటు పేపరు చూసి టైపు చేసినా."

"పేపరు చూసి కొడితే ఇంగ్లీషు 'ఏ' పడాల. కంటికి కనిపించేది అదే కదా. ప్రశ్నార్థకం పడదు."

"అంటే... మెయిల్లోంచి కాపీ చేసినానేమో. గుర్తులేదు."

"శుక్రవారమే మెయిలు చెరిపేసినారని నీ రిపోర్టు రెండో పేరాలో నువ్వే రాసినావు."

"అయితే ఈ కంప్యూటర్లోంచి..."

"ముత్యాలప్పన్న లక్క ముద్ర ఇప్పుడు పగిలింది. నీ రిపోర్టు మీద టైము ఈ పొద్దు తొమ్మిదిన్నర."

అతను ల్యాప్‌టాప్‌ను గుండెకు దగ్గరగా పట్టుకున్నాడు.

"ఆ దొంగ అక్షరం ఈ లోకంలో మూడు చోట్ల ఉండేది. చెరిగిపోయిన మెయిల్లో. సీలు వేసిన ఈ కంప్యూటర్లో. మూడోది దాన్ని తయారు చేసినవాని దగ్గర. నువ్వు సోమరితనంతో నీ దగ్గరున్నది తీసి అతికించినావు. రష్యా అక్షరమే కదా అది? నీ ల్యాప్‌టాప్ మీటల మీద ఉన్న రెండోది."

బావ ఆ ల్యాప్‌టాప్ మూత తెరిచి మీటలు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని ముత్యాలప్ప చేతికిచ్చి, ఫోను తీసి స్టేషనుకు కలిపాడు. "తిప్పేష్‌ను బయట కూచోబెట్టండి. ఆ... ముందు అన్నం పెట్టండి. వాళ్లక్క క్యారియరు బల్ల మీద ఉండాది." ఆయన మొహం నేను కోరుకున్నంతా వాడింది. దాన్ని చూస్తూ నిలబడాలని నిన్నటినుంచి ఎదురుచూశాను. తీరా చూస్తే ఆ పని తొందరగానే అయిపోయింది.

ఎందుకంటే చైతన్య నవ్వుతున్నాడు. ఇందాకటి నవ్వు కాదు.

"తిప్పేష్‌ను ఇరికించాలని నేననుకోలేదు సార్. నాకు కావాల్సింది ఆమె. ఎవర్నన్నా పట్టుకోపోతే ఆమెనే పట్టుకోపోతారనుకున్నా. మీరు వాణ్ణి పట్టుకొచ్చినాక, నా లింకు బయటపడకుండా రిపోర్టు అట్ల రాసినా." మేడమ్ వైపు వేలు చూపించాడు. "అడగండి ఆమెను. పందొమ్మిది వందల తొంభై నాలుగు. ఇంటరు, మ్యాథ్స్ పేపరు. ఇన్విజిలేటరుగా వచ్చిన ఈమెకు నా కాళ్ల దగ్గర చీటీ దొరికింది. నాది కాదని ఆమె కాళ్లు పట్టుకున్నా. హాల్లో రెండు వందలమంది చూస్తాండారు. మూడేండ్లు పరీక్ష రాయకుండా డిబారు."

మేడమ్ స్టూలు అంచు పట్టుకుంది.

"మూడేండ్లు! మా ఊర్లో నా పేరు ఏమైందో తెలుసా సార్? చీటీ చైతన్య. రష్యా పోయి ఇంజనీరై వచ్చినా. బస్సు దిగితే టీ కొట్టు ముసలాయన ఏమన్నాడు? 'చీటీ వచ్చినాడప్పా' అన్నాడు. మా నాయన పంచాయతీ ఎలక్షన్లో నిలబడితే ఎదుటోళ్లు గోడ మీద అదే రాసినారు. ఈ ఆదివారం ఊరంతా గోడల మీద ఆమె పేరు చదివింది. ఒక్కరోజే సార్. నా పేరు నేను పదకొండేండ్లు చదువుకున్నా."

"అందుకని నాలుగు వందలమంది ఆడపిల్లల పరీక్ష చెడగొడతావా?" అన్నాను. "వాళ్లేం చేసినారు నీకు?"

అతను నా వైపు చూడనేలేదు. "మాట్లాడండి మేడమ్. ఆ పొద్దు బాగానే మాట్లాడినారు కదా."

బావ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "పద. ఏదున్నా స్టేషన్లో."

"ఉండు ఓబుళేసూ," అంది మేడమ్.

స్టూలు మీదినుంచి లేచింది. లేవడానికి తడక పట్టుకోవలసి వచ్చింది. జీపులో చూపు తిప్పుకున్న మనిషి ఇప్పుడు సూటిగా అతని మొహంలోకి చూసింది.

"పరీక్ష అయిన వారానికి, నీ వెనక బెంచీ పిల్లోడు మా ఇంటికి వచ్చినాడు. వాకిట్లో నిలబడి ఏడ్చినాడు. చీటీ తనదేనని, నన్ను చూసి భయంతో దాన్ని ముందుకు తోసినట్టు చెప్పినాడు."

చైతన్య బావ చేతిని భుజం మీదినుంచి తోసేశాడు.

"అప్పటికి నా రిపోర్టు బోర్డుకు పోయింది. వెనక్కి తీసుకుంటే రామసుబ్బమ్మ పొరపాటు పడిందంటారని... ఆ పిల్లోణ్ణి కసిరి పంపించినా. ఈ మాట నా మొగునికి గూడా చెప్పలేదు." ఆమె గొంతు బడిలో పాఠం చెప్పినట్టే ఉంది, గట్టిగా, అందరికీ వినబడేటట్టు. "ఆ చీటీ నీది కాదు చైతన్యా. నాకు తెలుసు. నేను తప్పు చేసినాను."